హాచ్‌లు మూసేసిన ‘అంటిల్’: ఒక షిప్పింగ్ ఉద్యోగి టైం ప్రిపొజిషన్ల కేస్ స్టడీ

విశాఖ ద్వారకానగర్‌లో నా దగ్గరకు ఆఫీస్ ఇంగ్లీష్ కోసం వచ్చేవాళ్ళలో పోర్టు చుట్టుపక్కల పనిచేసేవాళ్ళు ఎక్కువ. ఈ కేసు అలాంటి ఒకతనిది. ఓ షిప్పింగ్ ఏజెన్సీలో బోర్డింగ్ ఆఫీసర్. విజయనగరం వైపు పల్లెటూరు, పదో తరగతి దాకా తెలుగు మీడియం, డిగ్రీ విశాఖలో. ఓడ వచ్చి లంగరు వేసిన దగ్గర్నుంచి రేవు వదిలి వెళ్ళేదాకా కెప్టెన్‌కీ, పోర్టుకీ, కస్టమ్స్‌కీ, సరుకు తెప్పించుకున్నవాళ్ళకీ మధ్య కబుర్లు చేరవేసే ఉద్యోగం. రోజంతా మెయిళ్ళే. ఓడను రేవులోకి నడిపించే పైలట్ ఎన్నింటికి ఎక్కుతాడు, ఓడ నిలిచే బెర్త్ ఎప్పటికి ఖాళీ అవుతుంది, కాగితాలు ఎప్పటిలోగా కావాలి, ఇలా దాదాపు ప్రతి వాక్యంలోనూ ఒక టైం ఉంటుంది.

మాట్లాడటానికి అతనికి ఇబ్బంది లేదు. ఫిలిప్పీన్స్ నావికులతో, ఉక్రెయిన్ నావికులతో ధైర్యంగా మాట్లాడతాడు. అందుకే మొదటి రోజే చెప్పేశాడు: "గ్రామర్ కోర్సంతా వద్దు మేడం. ఈ బై, అంటిల్, సిన్స్ గోల ఒక్కటి తేల్చేయండి చాలు."

ఆ గోల వెనక ఒక రాత్రి జరిగిన సంగతి ఉంది. ఎరువులు తెచ్చిన ఓడ బెర్త్‌లో ఉంది. రాత్రి పదింటికి కొత్త గ్యాంగ్, అంటే కూలీల జట్టు, ఎక్కి సరుకు దించడం మొదలుపెట్టాలి. ఎరువుకు తడి తగలకూడదు కాబట్టి పని లేనప్పుడు హాచ్ కవర్లు, అంటే సరుకు గదుల మీది మూతలు, మూసే ఉంచుతారు. గ్యాంగ్ వచ్చేసరికి అవి తెరిచి ఉంటే టైం కలిసొస్తుందని ఇతను సాయంత్రమే ఓడ చీఫ్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టాడు: "ప్లీజ్ కీప్ ఆల్ హాచెస్ ఓపెన్ అంటిల్ 21:30 అవర్స్."

అతను మనసులో అనుకున్నది, తొమ్మిదిన్నరకల్లా హాచ్‌లన్నీ తెరిచి ఉంచండి అని. ఓడ మీద వాళ్ళకు అర్థమైంది, తొమ్మిదిన్నర దాకా తెరిచి ఉంచండి, ఆ తర్వాత అక్కర్లేదు అని. వాళ్ళు మెయిల్ అందగానే తెరిచారు. ఆకాశం మబ్బుపట్టి ఉంది కూడా, తొమ్మిదిన్నర కొట్టగానే మూసేశారు. పదింటికి గ్యాంగ్ ఎక్కేసరికి అన్నీ మూసి ఉన్నాయి.

మళ్ళీ తెరవడానికి పెద్ద టైమేం పట్టలేదు. కానీ ఓడల పనిలో పని ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది అన్నీ స్టేట్‌మెంట్ ఆఫ్ ఫ్యాక్ట్స్ అనే పత్రంలోకి ఎక్కుతాయి. సరుకు దించడానికి ఒప్పందం ఇచ్చే గడువును లేటైమ్ అంటారు. అది దాటితే ఓడవాళ్ళకు డెమరేజ్ అనే ఆలస్యపు పరిహారం కట్టాలి. ఆ లెక్క కట్టేది ఈ పత్రం చూసే. ఆలస్యం ఎవరి ఖాతాలో వెయ్యాలన్న ప్రశ్న రాగానే కెప్టెన్ మెయిల్ తీసి చూపించాడు. మీరు రాసిందే మేం చేశాం అన్నాడు. ఆ మాటలో తప్పు లేదు.

పాత మెయిళ్ళలో కనిపించింది

నేను ముందు పాఠం మొదలుపెట్టను. పేర్లు, ఓడల వివరాలు తీసేసి పాత మెయిళ్ళు పట్టుకురమ్మంటాను. ఇతనివి చదివితే ఒక సంగతి స్పష్టంగా కనిపించింది. ఎట్, ఆన్, ఇన్ దగ్గర తప్పులు తక్కువ, ఉన్నవి కూడా ఎవరికీ నష్టం చెయ్యనివి. "ఆన్ నెక్స్ట్ మండే" అని రాశాడు. నెక్స్ట్, లాస్ట్, దిస్, ఎవ్రీ ముందు ప్రిపొజిషన్ రాదు, కాబట్టి అది తప్పే. అయినా చదివినవాడికి సోమవారమే అర్థమవుతుంది. "ఇన్ ద నైట్" అని రాశాడు, "ఎట్ నైట్" అంటే బాగుండేది. దానివల్ల ఓడ ఆగదు.

టెన్షన్ పెట్టే తప్పులు వేరేచోట ఉన్నాయి. "డాక్యుమెంట్స్ రిక్వైర్డ్ విథిన్ 14త్." "వెసెల్ ఈజ్ వెయిటింగ్ ఎట్ యాంకరేజ్ సిన్స్ త్రీ డేస్." "బంకర్ బార్జ్ విల్ కమ్ విథిన్ త్రీ అవర్స్." (బంకర్ బార్జ్ అంటే ఓడకు ఇంధనం తెచ్చే పడవ.) "బిఫోర్ టూ డేస్ వి హావ్ సెంట్ ద లిస్ట్." వీటిలో కొన్నింటిని ఎదుటివాడు మనసులో సరిచేసుకుని చదువుకుంటాడు. బంకర్ వాక్యం, హాచ్ వాక్యం లాంటివి అలా సరిచేసుకోవడానికి వీల్లేదు. ఎందుకంటే అవి తప్పుగా కనిపించవు. వ్యాకరణం పరంగా రెండూ శుభ్రమైన వాక్యాలు, చెప్పే అర్థం మాత్రం వేరు. నా దృష్టిలో అన్నిటికన్నా ముందు పట్టించుకోవాల్సిన తప్పులు ఇవే.

మన కోచింగ్ సెంటర్లలో టైం ప్రిపొజిషన్లు అనగానే బోర్డు మీద త్రికోణం వేస్తారు. పైన ఇన్, నెలలకీ సంవత్సరాలకీ. మధ్యలో ఆన్, రోజులకీ తేదీలకీ. కింద ఎట్, గడియారం టైముకి. త్రికోణం సరైనదే, నేనూ వేస్తాను. కానీ అది జవాబు చెప్పేది ఒక్క ప్రశ్నకే: పక్కన ఉన్నది ఎలాంటి టైం మాట? హాచ్ మెయిల్లో టైం మాట 21:30. బై రాసినా 21:30, అంటిల్ రాసినా 21:30. అక్కడ త్రికోణం ఏ సాయమూ చెయ్యదు. తేల్చాల్సింది క్రియ. తెరవడం అనే పని ఆ టైము లోపల ఒకసారి జరిగిపోవాలా, తెరిచి ఉండటం అనే స్థితి ఆ టైము దాకా సాగాలా అన్నది చూసుకోవాలి. ఇతనికి నేను చెప్పాల్సిందల్లా ఇదేనని ఆ మెయిళ్ళు చదివాక నిర్ణయించుకున్నాను. టైం మాట చూసి ప్రిపొజిషన్ వెయ్యడం మాని, ముందు క్రియను చూడటం.

కల్లా, దాకా

ఈ తేడా తెలుగువాళ్ళకు కొత్తగా నేర్పాల్సిన పని లేదు. ఇంట్లో రోజూ వాడతాం. "ఆరింటికల్లా వచ్చేయ్" అంటాం, "ఆరింటి దాకా ఉండు" అంటాం. "ఆరింటి దాకా వచ్చేయ్" అని పసిపిల్లలు కూడా అనరు. వచ్చేయడం ఒక్కసారి జరిగే పని, ఉండటం సాగే పని. మొదటిది బై, రెండోది అంటిల్. టిల్ అన్నా అంటిల్ అన్నా ఒకటే, మెయిల్లో అంటిల్ రాస్తే బాగుంటుంది.

మరి ఇంత తెలిసినవాడు ఎందుకు తప్పాడు? అతన్ని అడిగితే, డిక్షనరీలో వరకు అంటే అంటిల్ అని చదివాను, ఆఫీసు తెలుగులో అన్నిటికీ వరకు అనే అంటాం కదా అన్నాడు. నిజమే. ఉద్యోగ నోటిఫికేషన్ల వార్తలు చూడండి. ఒక పేపర్లో "దరఖాస్తులు 20వ తేదీ వరకు సమర్పించవచ్చు" అని ఉంటుంది. ఇంకో పేపర్లో "20వ తేదీలోగా సమర్పించాలి" అని ఉంటుంది. గడువు ఒకటే, రెండు వాక్యాలూ సరైనవే. మొదటిది తలుపు ఎంతసేపు తెరిచి ఉంటుందో చెబుతుంది: "అప్లికేషన్స్ ఆర్ యాక్సెప్టెడ్ అంటిల్ ద 20త్." రెండోది మన పని ఎప్పటికి అయిపోవాలో చెబుతుంది: "అప్లికేషన్స్ మస్ట్ రీచ్ అస్ బై ద 20త్." నేనొక పూటంతా ఇలాంటి నోటిఫికేషన్ వాక్యాలే చేయించాను. పోటీ పరీక్షలు రాసిన కుర్రాడు కాబట్టి అవన్నీ అతనికి కంఠతా వచ్చు. తెలుగులో క్రియ చివర ‘వచ్చు’ ఉందా, ‘ఆలి’ ఉందా చూసి ప్రిపొజిషన్ చెప్పడం గంటలో అలవాటైంది.

ఆ తర్వాతే అసలు చిక్కు బయటపడింది. ఇప్పుడు హాచ్ మెయిల్ దిద్దమన్నాను. అంటిల్ కొట్టేసి బై పెట్టాడు: "ప్లీజ్ కీప్ ఆల్ హాచెస్ ఓపెన్ బై 21:30." ఇదీ కుదరదు. మన ‘ఉంచండి’ రెండు పనులు చేస్తుంది. "తెరిచి ఉంచండి" అంటే తెరవండి అనీ, అలాగే ఉండనివ్వండి అనీ రెండూ ధ్వనిస్తాయి. ఇంగ్లీష్ కీప్ రెండో పనే చేస్తుంది, అంటే ఉన్నదాన్ని ఉన్నట్టు కొనసాగించడం. సాగే క్రియ కాబట్టి కీప్ పక్కన బై ఎబ్బెట్టుగా ఉంటుంది, అంటిల్ చక్కగా అతుకుతుంది, అర్థం తలకిందులవుతుంది. అతని చెయ్యి అంటిల్ వైపు వెళ్ళడానికి డిక్షనరీ ఎంత కారణమో, ఈ కీప్ అంత కారణం. ఇక్కడ ప్రిపొజిషన్ ఒక్కటే దిద్దితే సరిపోదు, క్రియ మార్చాలి. "ప్లీజ్ హావ్ ఆల్ హాచెస్ ఓపెన్ బై 21:30." లేదా ఇంకా సూటిగా, "ప్లీజ్ ఓపెన్ ఆల్ హాచెస్ బై 21:30."

మన ఆఫీసుల్లో "కీప్ ద ఫైల్ రెడీ బై ఫోర్" అనుకుంటూనే ఉంటాం, అందరికీ అర్థమవుతుంది. మనలో మనం అనుకున్నంతసేపు నాకు అభ్యంతరం లేదు. ఆ వాక్యం రేవు దాటి వెళ్ళేటప్పుడు మాత్రం హావ్ రాయమని పట్టుబడతాను.

చివరికి అతనే రెండిటినీ కలిపి ఒక వాక్యం రాశాడు. అది చూసి నాకు చాలా సంతోషం వేసింది: "ప్లీజ్ హావ్ ఆల్ హాచెస్ ఓపెన్ బై 21:30 అండ్ కీప్ దెమ్ ఓపెన్ అంటిల్ ద గ్యాంగ్ ఫినిషెస్." మొదలెప్పుడో ఉంది, చివరెప్పుడో ఉంది. చీఫ్ ఆఫీసర్ ఊహించుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఇప్పుడు నా దగ్గరకు వచ్చే పోర్టు వాళ్ళందరికీ ఈ వాక్యం రాయించే బై, అంటిల్ మొదలుపెడుతున్నాను.

ఇక్కడే ఇంకో ప్రశ్న వేశాడు. "పైలట్ విల్ నాట్ బోర్డ్ అంటిల్ 06:00 అంటారు కదా మేడం, ఎక్కడం ఒక్కసారి జరిగే పనే కదా?" మంచి ప్రశ్న. కాదు అన్నమాట పడగానే ఒక్కసారి జరిగే పని కూడా సాగే పని అవుతుంది. ఎక్కకుండా ఉండటం ఆరింటి దాకా సాగుతుంది. తెలుగూ అంతే, "ఆరింటి దాకా ఎక్కడు" అంటాం. ఇంట్లో "నాన్న వచ్చేదాకా తినను" అని పిల్లలు మారాం చేస్తే వచ్చేదీ ఈ దాకానే. ఇది చెప్పాక అతనికి మళ్ళీ అనుమానం రాలేదు.

క్యాలెండర్ మీద వేలు

నుంచి, లోపు మాటల దగ్గర పద్ధతి మార్చాల్సి వచ్చింది. తెలుగులో నుంచి ఒక్కటే. "సోమవారం నుంచి లంగరు మీద ఉంది", "మూడు రోజుల నుంచి లంగరు మీద ఉంది", "రేపటి నుంచి పని మొదలు". ఇంగ్లీష్‌లో మూడూ మూడు రకాలు. లోపు కూడా అంతే. "శుక్రవారం లోపు", "రెండు రోజుల లోపు" రెండిటికీ మనకు ఒకే మాట. అందుకే "విథిన్ 14త్" లాంటివి పుడతాయి. ఇక్కడ తెలుగు మనకు సాయం చెయ్యదు, వేరే ఆసరా కావాలి.

గోడ మీది తెలుగు క్యాలెండర్ దించి టేబుల్ మీద పెట్టాను. నేను మాట చెబుతాను, అతను చూపించాలి. సోమవారం అంటే ఒక గడి మీద వేలు పెడితే సరిపోతుంది. 14వ తేదీ, ఉగాది, నిన్న, అన్నీ అంతే. మూడు రోజులు అనగానే వేలు ఒకచోట ఆగదు, గడి నుంచి గడికి జరగాలి. వేలు ఆగితే సిన్స్, ఫ్రమ్, బై, అంటిల్. వేలు జరిగితే ఫర్, విథిన్, ఇన్. "సిన్స్ మండే", "ఫర్ త్రీ డేస్". "బై ద 14త్", "విథిన్ టూ డేస్". ఉద్యోగస్తుడి చేత క్యాలెండర్ మీద వేలు పెట్టించడం చిన్నపిల్లల పనిలా అనిపించవచ్చు గానీ, మెయిల్ టైప్ చేసే హడావిడిలో నియమాలు గుర్తుకు రావు, చేతి కదలిక గుర్తుకొస్తుంది. నేను చూసినంతలో ఇది బాగా పనిచేస్తుంది.

సిన్స్, ఫ్రమ్ మధ్య తేడాకి మళ్ళీ క్రియ దగ్గరికే వెళ్ళాలి. గతంలో మొదలై ఇప్పటికీ సాగుతుంటే సిన్స్, దాంతోపాటు హావ్ లేదా హాజ్ ఉన్న కాలం. "ద వెసెల్ హాజ్ బీన్ వెయిటింగ్ సిన్స్ మండే." తెలుగులో "వేచి ఉంది" అని వర్తమానంలోనే చెబుతాం కాబట్టి మనవాళ్ళు ఈజ్ రాసేస్తారు. సిన్స్ దిద్ది ఈజ్ వదిలేస్తే సగమే దిద్దినట్టు. ముందుకు చూసేదైతే ఫ్రమ్: "ద క్రేన్ విల్ బి అవైలబుల్ ఫ్రమ్ టుమారో."

విథిన్, ఇన్ తేడా మాత్రం బంకర్ మెయిల్ తోనే చెప్పాను. "మూడు గంటల్లో వస్తుంది" అని మనం అన్నప్పుడు మూడు గంటలు పడుతుంది అనీ, ఈలోపు ఎప్పుడైనా రావచ్చు అనీ రెండూ అనుకోవచ్చు. "ఇన్ త్రీ అవర్స్" అంటే మూడు గంటలు గడిచాక. "విథిన్ త్రీ అవర్స్" అంటే ఆ లోపల ఏ క్షణమైనా. ఇతను విథిన్ రాయడంతో ఓడ మీద వాళ్ళు అప్పట్నుంచే మనుషుల్ని సిద్ధం చేసి నిలబెట్టుకోవాలి. ఇంకొందరు ఇక్కడ "ఆఫ్టర్ త్రీ అవర్స్" రాస్తారు. అప్పుడు మూడు గంటల తర్వాత ఎప్పుడన్నది తేలదు. ఆఫ్టర్‌ని ఒక సంఘటనకు కట్టి వాడితే బాగుంటుంది: "త్రీ అవర్స్ ఆఫ్టర్ బర్తింగ్."

"బిఫోర్ టూ డేస్" గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఇప్పటి నుంచి వెనక్కి లెక్కపెడితే "టూ డేస్ అగో". వేరే సంఘటన నుంచి వెనక్కి లెక్కపెడితే "టూ డేస్ బిఫోర్ అరైవల్". అగో ఉన్నచోట హావ్ సెంట్ కుదరదు, "వి సెంట్ ద లిస్ట్ టూ డేస్ అగో" అనాలి.

ప్రిపొజిషన్ సరిగ్గా ఉన్నా తేలనివి

"14త్ మిడ్‌నైట్" అంటే 13 ముగిసి 14 మొదలయ్యే అర్ధరాత్రా, 14 ముగిసే అర్ధరాత్రా? బై రాసినా అంటిల్ రాసినా ఇది తేలదు. అందుకే గడువు రాసేవాళ్ళు 23:59 అని రాస్తారు, లేదా 00:01. ఇతనికి కూడా అదే అలవాటు చేశాను. అలాగే "అంటిల్ ఫ్రైడే" అంటే శుక్రవారం కలుస్తుందా లేదా? మన సెలవు చీటీల్లో "ఫ్రమ్ 12త్ టు 15త్, బోత్ డేస్ ఇన్‌క్లూజివ్" అని రాస్తామే, అది చాదస్తం అనుకునేవాళ్ళున్నారు. నేను దాన్ని సమర్థిస్తాను. "అప్ టు అండ్ ఇన్‌క్లూడింగ్ ఫ్రైడే" అనవచ్చు. అమెరికా వాళ్ళు "మండే త్రూ ఫ్రైడే" అంటే శుక్రవారం కలిపే. బ్రిటిష్ వాళ్ళు "ఎట్ ద వీకెండ్" అంటారు, అమెరికన్లు "ఆన్ ద వీకెండ్" అంటారు, ఏదైనా ఫర్వాలేదు.

ఎట్, ఆన్, ఇన్ మీద అతనికి మిగిలిన చిన్న అనుమానాలు హుద్‌హుద్ మీద ఒక పేరా రాయించి తీర్చాను. విశాఖలో, విజయనగరంలో ఆ తుపాను గురించి రాయమంటే ఎవరికీ మాటలు వెతుక్కునే పని ఉండదు, ధ్యాసంతా ప్రిపొజిషన్ మీదే పెట్టవచ్చు. 2014లో కాబట్టి "ఇన్ 2014". అక్టోబర్ 12న, ఆదివారం, కాబట్టి "ఆన్ అక్టోబర్ 12", "ఆన్ సండే". "ఇన్ ద మార్నింగ్" అంటాం గానీ ఏ రోజు పొద్దునో చెబితే రోజు మాటే గెలుస్తుంది: "ఆన్ సండే మార్నింగ్", "ఆన్ ద మార్నింగ్ ఆఫ్ అక్టోబర్ 12". గాలి సాగినంతసేపు "డ్యూరింగ్ ద సైక్లోన్". డ్యూరింగ్ తర్వాత సంఘటన పేరు వస్తుంది, "డ్యూరింగ్ ఫోర్ అవర్స్" అనకూడదు, అది ఫర్. రోజుల తరబడి కరెంటు లేదు, "ఫర్ డేస్". కరెంటు వచ్చేదాకా, "అంటిల్ ద పవర్ కేమ్ బ్యాక్". అక్కడ విల్ కమ్ రాయకూడదన్నది కూడా ఇందులోనే కలిపి చెప్పాను: అంటిల్ తర్వాత భవిష్యత్తు గురించైనా విల్ రాదు. "అంటిల్ ద పైలట్ విల్ కమ్" తప్పు, "అంటిల్ ద పైలట్ కమ్స్" ఒప్పు. త్రికోణానికి కేటాయించినది ఆ ఒక్క పేరానే.

ఇప్పుడు ఎక్కడున్నాడు

కొన్ని వారాల తర్వాత కొత్త మెయిళ్ళు తెప్పించుకుని చూశాను. బై, అంటిల్ తారుమారైన వాక్యం నాకు కనబడలేదు. "విథిన్ 14త్" పోయింది. కీప్ టైప్ చేసినప్పుడల్లా ఒక్క క్షణం ఆగుతున్నానని అతనే చెప్పాడు. కెప్టెన్లకు పంపే రోజువారీ మెయిల్లో టైములన్నీ తేదీతో సహా, 24 గంటల లెక్కలో, లోకల్ టైం అని రాసి మరీ పంపుతున్నాడు. ఆ చివరిది నేను చెప్పింది కాదు, ఆఫీసులో అతని సీనియర్ చెప్పింది. చాలా మంచి అలవాటు.

మాటల్లో మాత్రం సిన్స్ టూ డేస్ ఇంకా దొర్లుతోంది, ముఖ్యంగా వీహెచ్‌ఎఫ్ సెట్ మీద తొందరగా మాట్లాడేటప్పుడు. రాతలో ఆగి ఆలోచించే క్షణం ఉంటుంది, రేడియో మీద ఉండదు. అందుకని ఇప్పుడు మేం చేస్తున్నది కంఠతా పని. లంగరు, క్రేన్, వాన, బెర్త్, ఈ నాలుగింటి మీద ఎంతకాలంగా అని అడిగితే టక్కున ఫర్ తోనూ, ఎప్పట్నుంచి అని అడిగితే సిన్స్ తోనూ జవాబు చెప్పాలి. అతను పోర్టు నుంచి బండి మీద వచ్చి టీ అయినా తాగకముందే మొదలుపెడతాను, తొందరలో కూడా సరిగ్గా రావాలి కదా. "ఆన్ నెక్స్ట్ మండే" ఇప్పటికీ రాస్తున్నాడు. దాన్ని ప్రస్తుతానికి నేను ముట్టుకోలేదు. ఈ ‘నుంచి’ సంగతి గట్టిపడ్డాక దాని సంగతి చూస్తాం.